పులీ మేకా

శనివారం సాయంకాలం నాలుగయ్యేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, మా మనవరాలి చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరతాను. ఎదురింటివాళ్ళు గుడికి కాబోలనుకుంటారు. డెబ్భైమూడేళ్ళవాడు శనివారం పూట శుభ్రంగా తయారై ఇంకెక్కడికి వెళతాడు మరి! కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. నేను వెళ్ళేది గుడికి కాదు. ఓడిపోవడానికి.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. జిల్లాపరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి చెప్పి 2010లో రిటైరయ్యాను. నాలుగేళ్ళ క్రితం మా ఆవిడ దాటిపోయింది. ఒక్కణ్ణీ అక్కడ వదిలెయ్యడం బాగుండదని మావాడు నన్ను హైదరాబాదు తీసుకొచ్చేశాడు. మావాడిల్లు కొండాపూర్‌లో, పద్నాలుగో అంతస్తు. వసారాలో నిలబడితే హైటెక్ సిటీ అద్దాల మేడలు వరసగా కనిపిస్తాయి. వాటిలో పగలూ రాత్రీ ఒక్కలాగే దీపాలు వెలుగుతూంటాయి. అమెరికాలో తెల్లవారితే ఇక్కడ పని మొదలవుతుంది. మావాడూ కోడలూ ఆ లెక్కన బతుకుతున్నవాళ్ళే. పిల్లలు మంచివాళ్ళు సుమండీ. నాకేదో లోటు చేశారని అంటే కళ్ళు పోతాయి. కాని రోజు మొత్తంమీద మావాడికీ నాకూ జరిగే సంభాషణ ఇంతే.

"భోంచేశారా నాన్నగారూ?"

"చేశాన్రా."

ఆ తరవాత వాడు చెవులకేదో తగిలించుకుని గది తలుపు వేసుకుంటాడు.

ఇలా ఉండగా కిందటేడు వానాకాలంలో పన్నెండేళ్ళ మా మనవరాలు ఒక పేచీ పెట్టింది. దగ్గర్లో ఒక కాఫీ హోటలు మేడమీద ప్రతి శనివారం కొంతమంది చేరి బల్లమీద ఆటలాడతారట. తనూ వెళ్ళాలి. పిల్లలు వస్తే వెంట పెద్దవాళ్ళుండాలట. తల్లికీ తండ్రికీ తీరిక లేదు. ఆ ఇంట్లో తీరికన్నది నా ఒక్కడి దగ్గరే మూలుగుతోంది. కనక కాపలాకి నన్ను పంపించారు.

వెళ్ళేటప్పుడు నా మనసులో ఉన్న అనుమానం దాచను. ఉద్యోగస్థులు ఒక మేడమీద చేరి ఆటలాడుతున్నారంటే మా తరంవాళ్ళకి తెలిసింది పేకాటే. పోలీసులొస్తే మనవరాలితో ఏ మెట్లమీంచి దిగాలా అని దారంతా ఆలోచించుకున్నాను. తీరా చూద్దును గదా, అక్కడ డబ్బు లేదు, సిగరెట్టు లేదు. ఇరవై, ఇరవైఅయిదుమంది ఆడా మగా నాలుగైదు బల్లల చుట్టూ కూర్చుని, తలలు వంచి, మా బడిలో ఇనస్పెక్షనునాడు కూడా చూడనంత శ్రద్ధగా రంగురంగుల పటాలు చూసుకుంటున్నారు. బల్లకి గంటకింతని అద్దె. కాఫీ ధర చూసి మాత్రం గుండె ఒక్కసారి ఆగింది. ఆ డబ్బు పెడితే మా ఇంట్లో వారం రోజుల కాఫీపొడి వస్తుంది.

దీన్నంతటినీ నడిపేవాడు గుంటూరు వేపు కుర్రాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. అతను పెట్టిన నియమాలు రెండే. కొత్తగా వచ్చినవాణ్ణి తెలిసినవాళ్ళ మధ్య కూర్చోబెట్టాలి. ఏ కంపెనీ, జీతమెంత అని ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. ఈ రెండో నియమం మన పెళ్ళిచూపుల్లో కూడా ఉంటే ఎంత బాగుండునో!

ఆ పెట్టెలన్నిటిమీదా విదేశీ పేర్లు చూసి నాలో మాస్టారు నిద్రలేచాడు. "మీకు తెలుసునటయ్యా, ఈ ఆటలకి పుట్టిల్లు మనది. మన వైకుంఠపాళీ సీమకి వెళ్ళి పాములూ నిచ్చెనలూ అయింది. మన పచ్చీసు అక్కడ లూడో అయింది. మనం శివరాత్రి జాగారానికి ఆడుకున్నవాటిని వాళ్ళు పెట్టెల్లో పెట్టి మనకే అమ్మారు" అని ఉపన్యాసం మొదలెట్టాను.

"అవునండీ, లూడోకి ఇంగ్లండులో 1896లో పేటెంటు ఇచ్చారు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు పచ్చీసు ఆడాడని చెప్పే రాతిపటం మేమంతా వెళ్ళి చూసొచ్చాం" అన్నాడు గుంటూరు కుర్రాడు వినయంగా. క్లాసులో ముందు బెంచీవాడు జవాబు చెప్పేస్తే మాస్టారి పరిస్థితి ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ వేళ నన్ను కూర్చోబెట్టిన ఆట పేరు కాటాన్. క్లాస్ టాయిబర్ అనే జర్మనువాడు పళ్ళ సెట్లు కట్టే వృత్తి చేసుకుంటూ, తీరికవేళల్లో ఆటలు కనిపెట్టేవాడట. 1995లో ఈ ఆట బయటికొచ్చింది. ఇప్పటికి నాలుగు కోట్ల పెట్టెలకు పైగా అమ్ముడయ్యాయంటారు. 2023లో ఆయన పోయారు. తేనెపట్టు గదుల్లాంటి ఆరు మూలల బిళ్ళలు పంతొమ్మిది పేర్చితే ఒక దీవి అవుతుంది. ఒక్కొక్క బిళ్ళమీద ఒక్కొక్క పంట: కలప, గోధుమ, గొర్రెల ఉన్ని, ఇటుక, ఖనిజం. ఒక్కటి మాత్రం ఎడారి. ఎడారి తప్ప అన్నిటిమీదా అంకెలుంటాయి. రెండు పాచికలు వేసి కూడితే ఏ అంకె వస్తే ఆ బిళ్ళ పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి ఆ పంట దక్కుతుంది. ఒకడి దగ్గర ఇటుకలుంటే కలప ఉండదు. అంచేత ఎదటివాణ్ణి బతిమాలి, బేరమాడి మార్చుకోక తప్పదు.

ఇంకేముంది, ఇది నా విద్యే! రెండు పాచికలు ముప్ఫైఆరు విధాల పడతాయి. అందులో ఏడు ఆరు విధాల వస్తుంది. ఆరూ ఎనిమిదీ చెరి అయిదు విధాల వస్తాయి. రెండూ పన్నెండూ ఒక్కొక్క విధంగానే వస్తాయి. ఏడుకి పంట లేదు. కనక ఒక ఇల్లు ఆరు పక్కనా, ఇంకో ఇల్లు ఎనిమిది పక్కనా కట్టుకుని, మనవరాలికి ఈ సూత్రమంతా వివరించి, మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. మా మనవరాలు పన్నెండు పక్కన గొర్రెలు బాగున్నాయని అక్కడ ఇల్లు కట్టింది.

ఆ తరవాత జరిగిన అన్యాయం ఏం చెప్పమన్నారు! పన్నెండు నాలుగుసార్లు పడింది. ఏడు పడితే దొంగబొమ్మని తీసుకెళ్ళి ఎవరి బిళ్ళమీదనైనా పెట్టవచ్చు. అక్కడ ఆ బొమ్మ ఉన్నంతసేపూ పంట రాదు. నా మనవరాలు, నా రక్తం పంచుకు పుట్టినది, ఆ దొంగని తెచ్చి నా ఆరుమీద పెట్టింది. పది పాయింట్లు ముందుగా ఎవరికొస్తే వాళ్ళు నెగ్గినట్టు. దానికి పది వచ్చేసరికి నావి నాలుగు.

"తాతయ్యా, ఓడిపోతే చెయ్యి కలిపి 'బాగా ఆడావు' అనాలి. ఇక్కడ అదే పద్ధతి" అంది.

ముప్ఫైనాలుగేళ్ళు పిల్లలకి మార్కులు వేసిన చెయ్యి అది. ఎవరి ముందూ అలా చాచి ఎరగదు. చాచాను. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోనాడు, వచ్చే శనివారం ఇల్లెక్కడ కట్టాలా అని కేలండరు వెనక బొమ్మలు గీస్తూ నాకు నేనే దొరికిపోయాను.

అలా అలవాటైంది. ఒకనాడు గుంటూరు కుర్రాణ్ణి, "ఏం నాయనా, స్థలాలు కొని అద్దెలు వసూలుచేసే ఆట ఒకటుండేదే, పిల్లలంతా ఆడేవారు, అది తేరేం?" అని అడిగాను.

"అది మోనోపలీ అండీ. అమెరికాలో లిజీ మాగీ అనే ఆవిడ భూస్వాముల పద్ధతిలో ఉన్న అన్యాయం జనానికి తెలియాలని 1904లో పేటెంటు తీసుకున్న ఆటే దానికి మూలం. 1935లో ఒక కంపెనీ దాన్ని మార్చి అమ్మితే, జనం అందరి స్థలాలూ కొనేసి నెగ్గడంలోనే సరదా ఉందనుకున్నారు. గచ్చిబౌలిలో గజం ధర అడిగితే ఆ ఆట ఊరికే ఆడినట్టే గదండీ" అని నవ్వి, తరవాత ఇంకో మాటన్నాడు. "అందులో దివాలా తీసినవాడు లేచిపోవాలండీ. మిగతావాళ్ళు గంటసేపు ఆడుతూంటే వాడు గోడ చూస్తూ కూర్చోవాలి. కాటాన్‌లో అలా కాదు. ఓడిపోయేవాడు కూడా చివరిదాకా బల్ల దగ్గరే ఉంటాడు. అందుకని ఇక్కడికి తేము."

ఆ మాట అర్థం తరవాత నెలకి గాని నాకు బోధపడలేదు.

ఆ గుంపులో మెడలో కంపెనీ గుర్తింపు బిళ్ళ తగిలించుకుని వచ్చే కుర్రాడొకడుండేవాడు. సెలవురోజున కూడా అది తియ్యడు. మంచి ఆటగాడు. ఒక శనివారం ఆట అయ్యాక మనవరాలు పెట్టెలు సర్దుతోంటే నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వయసులో పెద్దవాణ్ణనో, ఎవరికీ ఏమీ కానివాణ్ణనో గాని నాకు చెప్పాడు. ఉద్యోగం పోయి నలభై రోజులైందట. పొద్దున్న ఆ బిళ్ళ మెడలో వేసుకుని గదిలోంచి బయలుదేరి, రాయదుర్గం నుంచి మెట్రోలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి వస్తున్నాడట.

"ఇంట్లో చెప్పలేదా నాయనా?"

"లేదండీ. మా నాన్నగారికి ఫస్టొచ్చానని చెప్పడమే అలవాటు. ఓడిపోయానని ఎలా చెప్పాలో తెలీదు. ఇక్కడైతే వారానికి రెండుసార్లు ఓడిపోయినా ఎవరూ ఎందుకని అడగరు."

నాలుగు మంచి మాటలు చెప్పి, వాడి నాన్నగారికి ఆ రాత్రే ఫోను చేసేటట్టు ఒప్పించి పంపాను. పెద్దరికం బాగానే నెరవేర్చాననుకున్నాను. కాని ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర రాలేదు. వాడు చెప్పిన ఆ నాన్నగారు ఎవరో నాకు బాగా తెలిసినవాడే అనిపించింది.

మా ఊళ్ళో మా ఇంటి అరుగుమీద ఒక పెద్ద నాపరాయి ఉంది. దానిమీద మా నాన్నగారు ఉలితో పులి-మేక పటం చెక్కించారు. మూడు పులులకి మూడు పెంకుముక్కలు, పదిహేను మేకలకి పదిహేను చింతగింజలు. పులి మేకమీంచి దూకితే మేక చచ్చినట్టు. మేకలు దూకలేవు, చంపలేవు. ఒకదాని వెనక ఒకటి నిలబడి, దూకడానికి జాగా లేకుండా చేసి పులుల్ని కట్టెయ్యాలి. మావాడికి ఊహ తెలిసిన దగ్గర్నుంచి మా నాన్నగారితో ఆ అరుగుమీదే మకాం. వాడెప్పుడూ మేకలే కోరుకునేవాడు.

1998 నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అని ఒక గుండ్రటి మేడని ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించారు. పేపర్లో బొమ్మ వేశారు. మావాడు అప్పుడు టెన్త్ క్లాసు. నేనా బొమ్మ కత్తిరించి వాడి బల్ల ఎదురుగా గోడకి అంటించాను. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో వాడికి డెబ్భైరెండు వచ్చాయి. లెక్కల మాస్టారి కొడుక్కి డెబ్భైరెండు! ఆ ఆదివారం తాపీమేస్త్రీని పిలిపించి, అరుగుమీద పటమంతా సిమెంటుతో నున్నగా పూతపెట్టించేశాను. అప్పటికి మా నాన్నగారు పోయి ఏడాది అయింది. అడ్డుచెప్పేవాళ్ళు లేరు. మావాడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఏడవలేదు, ఏమీ అనలేదు. చింతగింజలు ఒక్కొక్కటే ఏరి చొక్కా జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మార్కులు పెరిగాయి. సీటొచ్చింది. ఆ గుండ్రటి మేడకి మైలు దూరంలో ఉద్యోగమూ వచ్చింది. నా లెక్క తప్పలేదని ఇరవైయేళ్ళు గర్వపడ్డాను. ఆనాటినించీ వాడు నాకు నెగ్గిన కబుర్లే చెప్పాడు. ఓడిన కబురు ఒక్కటి కూడా నా చెవిని పడలేదు. మనిషన్నవాడికి ఇరవైఏడేళ్ళలో ఒక్క ఓటమీ లేకుండా ఉంటుందా? ఎంత లెక్కల మాస్టారినైనా ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు.

మరుసటి శనివారం ఒక అట్టమీద పులి-మేక గీసి తీసుకెళ్ళాను. పులులకి సీసా మూతలు, మేకలకి కాటాన్ పెట్టెలోని చెక్కముక్కలు. ఆటలో ఆరితేరిన కుర్రాళ్ళు ముగ్గురు మూగి, "అరె, రెండు పక్షాలకీ రెండు రకాల బలం, ఎంత బాగుంది!" అని నేర్చుకున్నారు. బిళ్ళ కుర్రాడు కూడా వచ్చాడు. మెడలో బిళ్ళ లేదు. వాళ్ళ నాన్నగారు ఫోనులో కాస్సేపు మాట్లాడలేదట. తరవాత, "ముందు ఇంటికి రారా, వేడన్నం తిందువుగాని" అన్నారట. ఆ తండ్రి నాకంటె తొందరగా నేర్చుకున్నాడు.

ఆ సాయంకాలం పెద్ద వాన. ఆటోలు దొరకలేదు. మనవరాలు తండ్రికి ఫోను చేసింది. మావాడు చెవిలో మీటింగుతోనే మెట్లెక్కి వచ్చాడు. "పదండి నాన్నగారూ" అనబోయి బల్లమీద పటం చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. తరవాత చెవిలోంచి ఆ యంత్రం తీసి జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను మేకలు" అన్నాడు.

గంటసేపు ఆడాం. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. నేను నాలుగు మేకల్ని తిన్నాను. అయినా నా మూడు పులులకీ కదలడానికి చోటు లేకుండా కట్టేశాడు. చెయ్యి చాచి, "బాగా ఆడావురా" అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని, "మీరు కావాలని ఓడిపోలేదు కదా?" అని అడిగాడు.

"లెక్కల మాస్టారు కావాలని తప్పు చెయ్యడురా. తెలియక చేస్తాడు" అన్నాను. వాడు తల వంచుకుని మేకల్ని పెట్టెలో వేశాడు.

కారులో వస్తూంటే, వాన తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటూంటే, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "ఈ ఏడు నాకు ప్రమోషను రాలేదు నాన్నగారూ. నా కింద పనిచేసేవాడికి ఇచ్చారు. రెండు నెలలైంది."

"ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్న నా నాలిక చివరికొచ్చేసింది. ముప్ఫైనాలుగేళ్ళ వృత్తి అండీ, అంత సులువుగా పోతుందా? ఎలాగో మింగాను. ఏమనాలో తోచలేదు. చివరికి ఉన్నమాటే అన్నాను.

"నేను బి.యెడ్. మొదటిసారి ఫెయిలయ్యానురా. రెండోసారికి గాని గట్టెక్కలేదు. మీ అమ్మకి తప్ప ఇంకెవరికీ తెలీదు."

"తాతయ్యా, మీరు ఫెయిలయ్యారా!" అని వెనక సీట్లోంచి మనవరాలు కేకేసింది. మావాడు నవ్వడం మొదలెట్టాడు. ఆ నవ్వులో మా వీధి మలుపు దాటిపోయి, తిరిగి రావడానికి ఆ వానలో అరగంట పట్టింది. ఎవరికీ కోపం రాలేదు.

సంక్రాంతికి అందరం ఊరెళ్ళాం. సిమెంటు ఊడదీస్తే రాయి పగిలినా పగులుతుందన్నాడు మేస్త్రీ. మావాడు వినలేదు. స్క్రూడ్రైవరు పుచ్చుకుని అరుగుమీద చతికిలబడి, పండగ మూడురోజులూ తనే గీకాడు. శిఖరం దగ్గర పులిగడీ ఒకటీ, దాని కింద రెండు గీతలూ బయటపడ్డాయి. మిగతావి సిమెంటుతోపాటు పోయాయి. మనవరాలు సుద్దముక్క తెచ్చి ఆ రెండు గీతల్నీ కిందికి పొడిగించి పటమంతా పూర్తిచేసింది. మావాడు లోపలి పెట్టెలోంచి ఒక చిన్న డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు. చింతగింజలు. లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ. పదిహేను.

పులులు నేను తీసుకున్నాను. ఓడింది ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.